పుస్తకంలో పేరు మారింది, అమ్మాయి జబ్బు మారలేదు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది ఖమ్మం. మా అమ్మాయికి పదహారేళ్ళు, ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. పై దవడలో ఎడమవైపు కోరపన్ను రాలేదు, అక్కడ పాలపన్నే ఉండిపోయింది. ముక్కు పక్కన కాస్త ఉబ్బినట్టు కనిపిస్తే ఎక్స్‌రే తీయించాం. ఎముకలో తిత్తి ఉందని చెప్పి నోటి సర్జన్ ఆపరేషన్ చేశారు. తిత్తితో పాటు లోపల ఇరుక్కున్న కోరపన్నునూ, ఆ పాలపన్నునూ తీసేశారు. బయాప్సీ రిపోర్టులో ‘కాల్సిఫైయింగ్ ఒడొంటోజెనిక్ సిస్ట్’ అని, దాని పక్కనే ‘గోర్లిన్ సిస్ట్’ అని రాశారు. మా ఆడపడుచు కొడుకు దంతవైద్యుడు, 2012లో బీడీఎస్ పూర్తి చేశాడు. అతను రిపోర్టు చూసి, ‘ఇది సిస్టు కాదత్తయ్యా, ట్యూమరు. మా పుస్తకంలో ట్యూమర్ల కిందే ఉంది. దవడ ఎముక కొంత తీయాల్సి వస్తుందేమో, మళ్ళీ అడగండి’ అన్నాడు. ఫోనులో గోర్లిన్ అని వెతికితే చర్మ క్యాన్సర్లు, వంశపారంపర్యం అని వస్తోంది. ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. అమ్మాయికి ఇంకా ఏమీ చెప్పలేదు. ఇది తిత్తా, కణితా? మళ్ళీ కోయించాలా? తీసేసిన పన్ను సంగతేమిటి? దయచేసి చెప్పండి. – ఒక తల్లి

సమాధానం: అమ్మా, మీరు పంపిన రిపోర్టు నకలు, డిశ్చార్జి కాగితం, ఆపరేషన్‌కు ముందు తీసిన ఓపీజీ (రెండు దవడలూ పూర్తిగా కనిపించే ఎక్స్‌రే) మూడూ శ్రద్ధగా చూశాను. మీ అమ్మాయికి వచ్చింది క్యాన్సర్ కాదు. పళ్ళను తయారుచేసే కణాల నుంచి పుట్టి, లోపల సున్నం పేరుకునే తిత్తి అని ఆ రిపోర్టులోని పేరుకు అర్థం. ఫోనులో మీరు చదివిన జబ్బుకూ దీనికీ సంబంధం లేదు. దవడ ఎముక తీయాలని చెప్పే మాట ఆ రిపోర్టులో ఒక్కటి కూడా లేదు. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో వివరంగా రాస్తాను. రేపు మరెవరైనా మరో పేరు చెప్పినా మీరు మళ్ళీ హడలిపోకూడదు.

ముందు గోర్లిన్ సంగతి. రాబర్ట్ గోర్లిన్ అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పనిచేసిన నోటి పాథాలజిస్టు, అంటే నోటి నుంచి తీసిన కణజాలాన్ని మైక్రోస్కోపులో పరీక్షించి జబ్బు తేల్చే నిపుణుడు. వైద్య గ్రంథాల్లో ఆయన పేరు ఒకటి కంటే ఎక్కువ జబ్బులకు ఉంది. మీరు చదివినది గోర్లిన్ సిండ్రోమ్. దాన్ని 1960లో ఆయన, గోల్ట్జ్ అనే మరో వైద్యుడు కలిసి వివరించారు. అది జన్యువుల ద్వారా సంక్రమించే జబ్బు. అందులో చర్మం మీద బేసల్ సెల్ క్యాన్సర్లు రావచ్చు, అరచేతుల్లో సన్నని గుంటలు పడవచ్చు, పక్కటెముకలు చీలి ఉండవచ్చు. దవడల్లో తిత్తులు కూడా వస్తాయి, అయితే అవి ‘కెరటోసిస్ట్’ అనే వేరే రకం, తరచు ఒకటికి మించి వస్తాయి. మీ అమ్మాయికి ఉన్న తిత్తిని గోర్లిన్ 1962లో, మరో ముగ్గురితో కలిసి ప్రచురించిన వ్యాసంలో విడిగా వర్ణించారు. అది ఆ సిండ్రోమ్‌లో భాగం కాదు. ఒకే వైద్యుడి పేరు రెండింటికీ ఉండడం తప్ప వాటి మధ్య వేరే బంధం లేదు. ఇంటిల్లిపాదికీ జన్యు పరీక్షలు చేయించాలా అన్న సందేహం మీకు రావచ్చు. ఈ రిపోర్టు చూసి ఆ పని చేయనక్కర్లేదు. నిజం చెప్పాలంటే రిపోర్టుల్లో ఈ గోర్లిన్ సిస్ట్ అనే మాట రాయడం మానేస్తే బాగుంటుందని నా అభిప్రాయం. దానివల్ల రోగికి కలిగే మేలేమీ లేదు, మీ ఇంట్లో జరిగినట్టు భయం మాత్రం పుడుతుంది.

1962 నాటి ఆ వ్యాసం రాసినవారిలో డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్ ఒకరు. తెలుగువాళ్ళు గుర్తుపెట్టుకోవలసిన పేరు అది. మన దేశంలో ఐదు జిల్లాల్లో 50,915 మంది పల్లెవాసుల నోళ్ళు పరీక్షించి 1969లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో ఆయన భాగస్వామి. ఆ ఐదింటిలో శ్రీకాకుళం ఒకటి. నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు అంగిలికి ఎంత చేటు చేస్తుందో ప్రపంచానికి తెలియడంలో అలాంటి పనికి పాత్ర ఉంది. దవడ తిత్తులనూ కణితులనూ వర్గీకరిస్తూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 1971లో తెచ్చిన మొదటి పుస్తకానికి సారథ్యం వహించినవారిలోనూ ఆయన ఉన్నారు.

మీ మేనల్లుడికీ మీ రిపోర్టుకూ తేడా వచ్చింది ఆ పుస్తకం దగ్గరే. దానికి ఇప్పటికి ఐదు కూర్పులు వచ్చాయి. 1971లో ఈ జబ్బును కణితి స్వభావం లేని తిత్తిగానే వర్ణించారు. 1992 నాటి రెండో కూర్పులో పేరు సిస్ట్ అనే ఉంచి, చోటు మాత్రం కణితుల్లో ఇచ్చారు. 2005లో వచ్చిన మూడో కూర్పు పేరు కూడా మార్చి ‘కాల్సిఫైయింగ్ సిస్టిక్ ఒడొంటోజెనిక్ ట్యూమర్’ అంది. 2017 నాటి నాలుగో కూర్పు మళ్ళీ తిత్తుల్లోకి తెచ్చి పాత పేరే ఇచ్చింది. 2022 నాటి ఐదో కూర్పు ఆ నిర్ణయాన్నే కొనసాగించింది. మీ మేనల్లుడు 2012లో పట్టా అందుకున్నాడు కాబట్టి అతను చదివింది 2005 నాటి పేరు. అతను చెప్పింది ఆనాటికి అక్షరాలా నిజం, అతన్ని తప్పుపట్టకండి. కానీ దవడ ఎముక తీయాలన్న మాట మాత్రం ఆనాటి పుస్తకానికి కూడా సరిపడదు. ట్యూమర్ అని పిలిచిన ఆ పన్నెండేళ్ళలోనూ ఈ జబ్బుకు మామూలుగా చేసిన వైద్యం మీ అమ్మాయికి చేసినదే: తిత్తిని గోడతో సహా ఎముక నుంచి ఒలిచి తీయడం.

ఒక జబ్బు ఇన్నిసార్లు అటూ ఇటూ ఎందుకు తిరిగింది? పెద్దల మాట నిలకడ లేక కాదు. ఈ జబ్బు తీరే అలాంటిది. తిత్తి అంటే లోపల ద్రవం, చుట్టూ పలచని కణాల పొర ఉన్న సంచి. కణితి అంటే కణాలు తమంతట తాము పెరుగుతూ పోయి ఏర్పడే ముద్ద. ఎక్కువమందిలో ఈ జబ్బు సంచిలాగానే ఉంటుంది. కొద్దిమందిలో మాత్రం లోపల సంచి లేకుండా గట్టి ముద్దగా పెరుగుతుంది. మరీ అరుదుగా క్యాన్సర్ రూపం కూడా కనిపించింది. చాలాకాలం ఈ మూడింటినీ ఒకే పేరు కింద కట్టేశారు. అందుకే కొందరు వైద్యులు ఇవన్నీ ఒకే జబ్బుకు భిన్న రూపాలన్నారు, మరికొందరు తిత్తి వేరు, కణితి వేరు అన్నారు. 1981లో ప్రీటోరియస్ బృందం రెండో పక్షాన నిలిచి విభజన చేసింది. 2005 నాటి కూర్పులో గట్టి ముద్దగా పెరిగేదానికి ‘డెంటినోజెనిక్ ఘోస్ట్ సెల్ ట్యూమర్’ అని, క్యాన్సర్ రూపానికి ‘ఘోస్ట్ సెల్ ఒడొంటోజెనిక్ కార్సినోమా’ అని వేరు పేర్లతో విడదీశారు. ఆ రెండూ పక్కకు వెళ్ళాక మిగిలింది అచ్చంగా సంచి రూపమే. దాన్ని ఒలిచి తీస్తే మళ్ళీ రావడం తక్కువ, నూటికి ఐదుగురికన్నా తక్కువ మందిలో. అంటే నడవడిక తిత్తిదే. 2017లో దాన్ని తిత్తుల్లోకి తిరిగి చేర్చడం సబబేనని నేను నమ్ముతాను.

ఇది కణితే అనే అవతలి పక్షానికీ బలమైన వాదన ఉంది, అది దాచను. ఈ తిత్తి కణాల్లో బీటా కెటెనిన్ అనే ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువులో మార్పు కనిపిస్తుంది. అలాంటి మార్పులు కణితుల్లో కనిపించే లక్షణం. చర్మంలో వెంట్రుక కుదురు దగ్గర వచ్చే ఒక నిరపాయకరమైన కణితిలోనూ అదే జన్యువు చెడుతుంది. గోర్లిన్ బృందం 1962లోనే, జన్యు పరీక్షలు లేని రోజుల్లో, కేవలం మైక్రోస్కోపులో చూసి తమ తిత్తిని ఆ చర్మపు కణితితోనే పోల్చింది. నలభై ఏళ్ళ తరువాత జన్యువుల స్థాయిలో అదే పోలిక బయటపడడం చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. అయితే జన్యువులో మార్పు ఉన్నంత మాత్రాన మీ అమ్మాయికి చేయాల్సిన వైద్యం మారదు.

ఇప్పుడు ఆ రిపోర్టులోకి వెళ్దాం. మొదటి భాగంలో కంటితో చూసినప్పుడు కనిపించినది రాశారు: మెత్తని సంచి, సుమారు 2.5 సెంటీమీటర్లు, లోపల ఇసుక తగిలినట్టు గరుకు, సంచిని అంటిపెట్టుకుని ఒక కోరపన్ను. ఆ గరుకే సున్నపు పదార్థం. మీ ఓపీజీలో నల్లని గుండ్రటి నీడ లోపల తెల్లని చుక్కలు కనిపించడానికి కారణం అదే. చుట్టూ అంచు స్పష్టంగా, గీత గీసినట్టుంది. పక్క పన్ను వేరు కొంచెం ఒరిగింది. ఇవన్నీ ఈ తిత్తికి సహజ లక్షణాలే. ఇది రెండు దవడల్లోనూ వస్తుంది, ముందు పళ్ళు, కోరపళ్ళ దగ్గరే ఎక్కువ. రెండో పదిలో, అంటే పది నుంచి ఇరవై ఏళ్ళ మధ్య, ఎక్కువగా బయటపడుతుంది. మూడోవంతు మందిలో బయటికి రాని పన్ను ఒకటి దీనికి తోడుగా ఉంటుంది, అది ఎక్కువగా కోరపన్నే.

రెండో భాగం మైక్రోస్కోపుది. సంచి ముక్కలను మైనంలో పోతపోసి, వెంట్రుక కంటే పలచగా కోసి, గులాబీ, ఊదా రంగులద్ది అద్దం మీద పెడతాం. కింది వరుసలో నిలువుగా నిలబడిన కణాలు ఊదారంగులో కనిపిస్తాయి. అవి పంటి ఎనామెల్‌ను తయారుచేసే కణాలను పోలి ఉంటాయి. దాని పైన కణాలు వదులుగా అల్లుకుని ఉంటాయి. వాటి మధ్య గుంపులు గుంపులుగా లేత గులాబీ రంగు కణాలు. దగ్గరగా చూస్తే ప్రతి కణానికీ అంచు గీత ఉంటుంది, నడుమ ఉండాల్సిన కేంద్రకం మాత్రం ఉండదు. మనుషులు ఖాళీచేసి వెళ్ళిన ఇళ్ళలో గోడలు మాత్రం మిగిలినట్టు ఉంటుంది ఆ దృశ్యం. వీటినే ఘోస్ట్ కణాలంటాం. కాలక్రమంలో వాటి మీదే సున్నం పేరుకుంటుంది. ‘కాల్సిఫైయింగ్’ అన్నది దాన్నే. ఘోస్ట్ కణాలు వేరే దవడ జబ్బుల్లోనూ అక్కడక్కడా కనిపిస్తాయి కాబట్టి అవి ఒక్కటే చూసి ఈ పేరు పెట్టరు. సంచి ఉందా, కింది వరుస ఎలా ఉంది, ఎక్స్‌రే ఏం చెబుతోంది, అన్నీ కలిపి చూడాలి. మీ పాథాలజిస్టు ఆ పని చేశారు.

ఆ రిపోర్టులో లేనివి కూడా చూడండి. కణాలు విపరీతంగా విభజన చెందుతున్నాయని లేదు. చచ్చిపడిన కణజాలం ఉందని లేదు. ఎముకలోకి చొచ్చుకుపోయిందని లేదు. క్యాన్సర్ రూపమైతే ఈ మాటలు కనిపించేవి. సంచి గోడలో గట్టి ముద్ద ఉందన్న మాట కూడా లేదు. నాకు ఉన్న ఒకే ఒక్క సందేహం ఇక్కడే: గోడ మొత్తాన్నీ పరీక్షించారా, ఒకటి రెండు ముక్కలేనా అన్నది రిపోర్టులో రాయలేదు. ఇది అడిగి తెలుసుకోవాల్సిన విషయం. పాథాలజిస్టుకు ఫోను చేసి, ‘మొత్తం సంచిని చూశారా, ఎక్కడైనా ఘనభాగం ఉందా, పక్కన ఒడొంటోమ్ ఏమైనా ఉందా’ అని అడగండి. ఒడొంటోమ్ అంటే చిన్న చిన్న పంటి ముక్కల్లాంటి గడ్డ, ఇది ఈ తిత్తితో పాటు ఐదుగురిలో ఒకరికి కనిపిస్తుంది, దానివల్ల ప్రమాదమేమీ లేదు. అడిగినందుకు ఏ పాథాలజిస్టూ నొచ్చుకోరు.

ఇక మీ అసలు భయం. కణితి అంటే ప్రమాదం, తిత్తి అంటే ఫరవాలేదు అని అందరూ అనుకుంటారు. దవడ జబ్బుల విషయంలో ఈ లెక్క పనిచేయదు. పై దవడ కోరపన్ను దగ్గర, సరిగ్గా మీ అమ్మాయి వయసు ఆడపిల్లల్లో, ‘ఎడినొమటాయిడ్ ఒడొంటోజెనిక్ ట్యూమర్’ అని ఒకటి వస్తుంది. పేరులో ట్యూమర్ ఉంది. ఒలిచి తీస్తే మళ్ళీ దాదాపు రాదు. మీ ఓపీజీ ఒక్కటే చూసి ఉంటే నేను ముందు దాన్నే అనుమానించేవాణ్ణి. అదే, పైన చెప్పిన కెరటోసిస్ట్ పేరులో సిస్ట్ ఉంది, కానీ తీసేసినా మళ్ళీ మళ్ళీ వచ్చే గుణం దానిది. ఎముక లోపలికి పాకుతూ పోయే అమెలోబ్లాస్టోమా అనే కణితి మూడోది. క్యాన్సర్ కాకపోయినా, దానికి చాలా సందర్భాల్లో దవడలో కొంత భాగం తీయాల్సి వస్తుంది. మీ మేనల్లుడి మనసులో మెదిలింది బహుశా అదే అయి ఉంటుంది. కాబట్టి డాక్టరును ‘తిత్తా, కణితా’ అని అడగకండి. ‘ఇది ఏ రకం? ఆ రకం ఎలా ప్రవర్తిస్తుంది? పూర్తిగా తీశారా?’ అని అడగండి. ఈ మూడింటికీ మీకు జవాబు ఉంది. రకం తెలుసు, అది నెమ్మదైనదని తెలుసు, సంచి చిరగకుండా ఒకే ముక్కగా వచ్చిందని సర్జన్ డిశ్చార్జి కాగితంలో రాశారు.

ఇంత చెప్పినా మనసు కుదుటపడకపోతే రెండో అభిప్రాయం తీసుకోండి. అది మీ హక్కు, నేను ప్రోత్సహిస్తాను కూడా. కానీ సరైన చోట తీసుకోండి. స్కాన్లు, రక్తపరీక్షలు, క్యాన్సర్ మార్కర్లు అంటూ తిరగకండి, ఈ జబ్బుకు వాటితో పనిలేదు. చూడాల్సింది స్లైడ్లను. ఆపరేషన్ జరిగిన ఆసుపత్రికి ఒక ఉత్తరం రాసి, మైనపు బ్లాకు, స్లైడ్లు తీసుకోండి. ఖమ్మం నుంచి మీకు విజయవాడ దగ్గర, అక్కడ ప్రభుత్వ దంత కళాశాల ఉంది. హైదరాబాద్‌లోనూ ఉంది. దంత కళాశాలల్లో నోటి పాథాలజీకి ప్రత్యేక విభాగం ఉంటుంది. స్లైడ్లతో పాటు ఓపీజీ కూడా తీసుకువెళ్ళండి. దవడ తిత్తులను ఎక్స్‌రే లేకుండా చూడడం సగం పనే. బ్లాకును మాత్రం పారేయనివ్వకండి, పని పూర్తయ్యాక తిరిగి ఆసుపత్రికే ఇచ్చి రసీదు తీసుకోండి. పదేళ్ళ తరువాత అవసరం పడినా అది పనికొస్తుంది.

వైద్యం ముగిసింది కానీ కనిపెట్టుకుని ఉండడం ముగియలేదు. ఆరో నెలలో ఒకటి, ఏడాదికి ఒకటి ఓపీజీ తీయించండి. ఆ తరువాత ఏటా ఒకసారి చొప్పున కనీసం ఐదేళ్ళు చూపించండి. ఈ వయసులో ఎముక బాగా పూడుతుంది. మొదటి ఏడాది చివరికి ఆ నల్లని నీడ చాలావరకు బూడిదరంగులోకి మారాలి. ఈలోగా మళ్ళీ వాపు వచ్చినా, చిగురు నుంచి చీము కారినా, పక్క పళ్ళు కదిలినా తేదీ కోసం ఆగకుండా వెంటనే వెళ్ళండి. ఆపరేషన్ వైపు పై పెదవి, చిగురు కొన్ని వారాలు తిమ్మిరిగా ఉంటే కంగారు పడకండి, తగ్గకపోతే సర్జన్‌కు చెప్పండి. పసర్లు, పూతలు ఎవరైనా ఇస్తే సున్నితంగా వద్దనండి, మానుతున్న గాయంలో ఏదీ పెట్టకూడదు.

పన్ను సంగతి. ఆ ఖాళీలో వెంటనే ఇంప్లాంట్ పెట్టిస్తామని ఎవరైనా అంటే ఆగమనండి. పదహారేళ్ళకు దవడ ఎదుగుదల ఇంకా కొంత మిగిలి ఉంటుంది. ఇంప్లాంట్ ఎముకకు అతుక్కుపోతుంది కాబట్టి పక్క పళ్ళతో పాటు కిందికి రాదు. నాలుగేళ్ళకు మిగతా పళ్ళకంటే అది పైకి, పొట్టిగా కనిపిస్తుంది, నవ్వినప్పుడు తేడా తెలుస్తుంది. పైగా తిత్తి ఉన్నచోట ఎముక ముందు పూడాలి. అప్పటిదాకా తీసిపెట్టుకునే పన్ను గానీ, పక్క పంటికి వెనకనుంచి అంటించే పన్ను గానీ పెట్టించవచ్చు. పళ్ళ వరుస సరిచేసే వైద్యుడిని కూడా ఒకసారి కలవండి. పక్క పన్ను వేరు ఒరిగింది కాబట్టి, ఖాళీని ఉంచాలా మూయాలా అన్నది ఆయన చూసి చెప్పాలి.

అమ్మాయికి చెప్పలేదన్నారు. చెప్పండి. ఇంటర్ చదివే పిల్ల, చేతిలో ఫోను ఉంది, రిపోర్టు ఇంట్లో ఉంది. మీరు వెతికిన పేరే తనూ వెతికి ఉంటుంది, మీరు భయపడతారని తనూ మౌనంగా ఉండి ఉండవచ్చు. ఈ జవాబును తనకు చదవడానికి ఇవ్వండి. వీలైతే పాథాలజిస్టు దగ్గరికి తననూ తీసుకువెళ్ళి మైక్రోస్కోపులో స్లైడు చూపించమనండి, ఆ విభాగాల్లో సాధారణంగా కాదనరు. ఆరో నెల ఓపీజీ తీశాక పాతదీ కొత్తదీ కలిపి నాకు పంపండి, చూసి రాస్తాను.